చప్పిడి సమ్మె

మా ఇందుజ ముద్దపప్పు నములుతూ మధ్యలో ఆగిపోయి, "అమ్మా, పప్పులో నారింజ కలిపావా?" అని అడిగింది.

నేను కలపలేదు. కందిపప్పు, ఉప్పు, పసుపు, పైన ఇంత నెయ్యి, అంతే. పప్పులో నారింజ కలిపే పిచ్చి మా రెండు వంశాల్లోనూ ఎవరికీ లేదు. కానీ ఇందుజకి తెలిసే రుచి కంచంలోది కాదు, దాని చెవి వెనక అంటించిన బిళ్ళలోంచి వచ్చేది. అయిదో ఏట వచ్చిన మాయదారి జ్వరం దాని రుచినీ వాసననీ పట్టుకుపోయింది. ప్రాణం దక్కిందని మేం దండాలు పెట్టుకునేలోపే తెలిసింది, అన్నం దానికి తడిమట్టి అయిపోయిందని. ఏం పెట్టినా ఉమ్మేసేది. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోసిన రోజులు నాకింకా కలలోకి వస్తాయి.

ఆ గొట్టం తీయించింది డాక్టర్ జోగారావు గారు కనిపెట్టిన బిళ్ళ. నేను నుదుటికి ఒక పట్టీ కట్టుకుని భోంచేస్తాను. నా నాలుకకి తెలిసిన రుచి ఆ పట్టీలో రికార్డవుతుంది. బిళ్ళ దాన్ని ఇందుజలో మిగిలిన నరానికి అందిస్తుంది. అదే వంటకం నములుతున్నప్పుడు అదే రుచి వస్తుంటే పిల్ల మామూలుగా తింటుంది. మొదటిసారి అది చారన్నం కంచం నాకేసిన రోజున నేను వంటింట్లోకి పోయి కరువుతీరా ఏడ్చాను.

ఆ రికార్డింగులన్నీ ఉండేచోటు పేరు రుచిగూడు. ఎవరి గూడు వారిది. పూర్వం బ్లాగుల్లో రాతలు పెట్టుకున్నట్టు ఇప్పుడు ముద్దలు పెట్టుకుంటున్నాం. నా గూడు పేరు 'ఇంటి ముద్ద'. ఇందుజ కోసమే మొదలుపెట్టాను గానీ, మా కాకినాడ రేవుకి వచ్చే ఓడల వాళ్ళూ, హాస్టళ్ళలో ఉడికీ ఉడకని కూరలు తినే పిల్లలూ బిళ్ళ తగిలించుకుని నా గుత్తొంకాయ కోసం రావడం మొదలెట్టారు. వచ్చిపోయేవాళ్ళ మెప్పుకి పొంగిపోని వంటమనిషి ఉంటుందా? నేనూ పొంగాను. రుచిగూడుకి ఏటేటా చందా కడుతున్నాను. చందా కట్టేవాళ్ళ గూళ్ళలో ప్రకటనలు ఉండవని వాళ్ళే పెద్దక్షరాలతో రాసుకున్నారు.

ఇందుజ చెవి వెనక బిళ్ళ తీసి నేను పెట్టుకుని చూశాను. పప్పు వచ్చింది, నెయ్యి వచ్చింది. ముద్ద మింగాక నోరు ఖాళీ అయ్యే ఆ క్షణంలో చల్లగా, తియ్యగా, చురుక్కుమంటూ నారింజ వచ్చింది. ఏ చెట్టూ కాయని నారింజ. టింగో అని సీసాల్లో అమ్ముతారే, అది.

వెంటనే రుచిగూడు వాళ్ళకి ఫోన్ చేశాను.

"మా పప్పులో టింగో వస్తోందండీ," అన్నాను.

"మేడమ్, అది ప్రకటన కాదండి. భాగస్వామి పలకరింపు," అంది అటువైపు అమ్మాయి.

"పలకరించేవాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి పలకరిస్తారు. నా పిల్ల నోట్లో దూరడమేంటండీ?"

"మీ అభిప్రాయం మాకు చాలా విలువైనది మేడమ్."

"విలువైనదైతే తీసెయ్యండి మరి."

"మీ అభిప్రాయాన్ని పైవారికి పంపిస్తాం మేడమ్. ఇంకేదైనా సాయం కావాలాండీ?"

ఆ పిల్ల గొంతులో విసుగు కూడా లేదు. విసుక్కుంటే నాకు కాస్త తృప్తిగా ఉండేది.

జోగారావు గారి ప్రయోగశాల భానుగుడి వెనక సందులో ఒక పాత మేడ. నేను వెళ్ళేసరికి ఆయన భూతద్దం కింద ఏదో బిళ్ళని పెట్టి విప్పుతున్నారు. సంగతంతా విని భూతద్దం పక్కన పెట్టారు.

"నమిలేటప్పుడు దూర్చలేరమ్మా, రుచులు కలిసిపోతాయి. ముద్దకీ ముద్దకీ మధ్య నాలుక ఖాళీగా ఉండే సందు ఒకటుంటుంది. అది పట్టుకున్నారు," అన్నారు.

"మీరు చేసిన బిళ్ళే కదండీ. ఆ సందు మూసెయ్యండి."

"బిళ్ళ నేను చేసిందేనమ్మా. దాని తాళంచెవి వాళ్ళకిచ్చేశాను. పదిమందికీ అందాలంటే కంపెనీ ఉండాలన్నారు, నిజమే అనుకున్నాను." ఆయన ఆ మాట నా ముఖం చూడకుండా చెప్పారు. "నీ రికార్డింగులు ఇంకోచోట పలకవు. ఇంకోచోట చేసినవి ఈ బిళ్ళకి వినపడవు. రుచిగూడు మానేస్తే..."

ఆ మాట పూర్తి చేయనక్కర్లేదు. మానేస్తే మళ్ళీ గొట్టం.

ఇంట్లో మా ఆయన ప్రభాకరం గారు అంతా విని, "పోనీలెద్దూ, క్షణం సేపేగా. పిల్ల తింటోంది, అది చాలు," అన్నారు. రేవులో సరుకు లెక్కలు చూసే మనిషి. ఏ గొడవైనా ఒడ్డుకి చేరకుండానే తీర్చేద్దామని చూస్తారు. నాకు అలా కుదరదు. నా వంటలో నేను వేయనిది ఇంకొకడు వేస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది.

మండింది నా ఒక్కదానికే కాదు. కరీంనగర్ నుంచి రాజేశ్వరక్క ఫోన్ చేసింది. సర్వపిండి, మక్కగారెలు, పచ్చిపులుసు, ఇలాంటివాటికి ఆమె గూడు పెట్టింది పేరు. ఎప్పుడూ ఎదురుపడలేదు గానీ ఒకరి చేతి ముద్ద ఒకరం తిన్నవాళ్ళం. అంతకంటే చుట్టరికం ఏముంటుంది?

"నా పచ్చిపులుసుల నారింజ నీళ్ళు కలుపుతున్రు హైమా. పైసలు మనమే కడ్తిమి, తిట్లు మనకే వడ్తున్నయ్. ఏమన్నజేద్దామా ఊకుందామా?" అంది.

ముద్దలు పెట్టేవాళ్ళందరం ఒక గుంపు కట్టాం. ఉత్తరాలు రాశాం, ఫోన్లు చేశాం, విలువైన అభిప్రాయాలు చెప్పీ చెప్పీ అలిసిపోయాం. ఎవరికీ గూడు వదిలిపోయే ధైర్యం లేదు. ఏళ్ళ తరబడి వండినవన్నీ అందులో ఉన్నాయి. పోయిన తల్లుల చేతి పచ్చళ్ళు కూడా అందులో ఉన్నవాళ్ళున్నారు. వాటిని వదిలేసి ఎలా వస్తారు?

నాకు ఆ ఆలోచన ఒక ఆదివారం వచ్చింది. ఆదివారాలు నేను సూర్యుడికి మొక్కుకుని ఉప్పు మానేస్తాను. ఆ రోజు చప్పిడి అన్నం గొంతు దిగక నీళ్ళు తాగుతూ ఉంటే తోచింది. అందరం పాత ముద్దలన్నీ దాచేసి, గూళ్ళలో చప్పిడి అన్నమే పెడితే? ఉప్పు లేదు, కారం లేదు, నెయ్యి చుక్క లేదు. వచ్చినవాడికి చప్పిడి ముద్ద, దాని వెనకే టింగో. ఎన్నాళ్ళు తింటారో చూద్దాం. టింగో పేరు చెబితే జనానికి చప్పిడి కూడు గుర్తుకొచ్చేలా చేద్దాం.

"నీ బుర్రే బుర్ర పిల్లా," అంది రాజేశ్వరక్క. గుంపంతా ఒప్పుకుంది. నన్నే ముందు నిలబెట్టారు.

ఆ సాయంత్రం మా ఆయన అడిగారు: "మరి ఇందుజకో?"

"నాలుగు రోజులు ఓర్చుకుంటుందిలెండి."

"దానికోసం ఒక్క పులుసైనా ఉంచు హైమా. ఎవరికి తెలుస్తుంది?"

"గూటిలో ఏముందో అందరికీ కనిపిస్తుందండీ. అందర్నీ ఉప్పు మానమని చెప్పి నా ఇంట్లో పులుసు దాచుకుంటే ఏం మర్యాద?"

ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోతే నేను గెలిచాననుకోవడం నాకు అలవాటు.

నాలుగు రోజులనుకున్నది ఆషాఢంలో మొదలై దసరా దాకా సాగింది. రుచిగూడు ఖాళీ అయిపోయింది. ఓడల వాళ్ళు మా ఆయన్ని రేవులో పట్టుకుని, మీ ఆవిడ ఇంకెన్నాళ్ళండీ అని బతిమాలారట. ఊళ్ళో పిల్లలు చప్పగా ఉన్న దేన్నైనా టింగో అనడం మొదలెట్టారు. నేను గర్వంగా తిరిగాను. ఇందుజ మారాం చేస్తుందేమో, తిండి మానేస్తుందేమోనని రోజూ భయపడేదాన్ని. అది మారాం చేయలేదు. చప్పిడి అన్నం గబగబా మింగేసేది. నా సమ్మెకి సాయపడుతోంది బంగారుతల్లి అని అందరికీ చెప్పుకున్నాను.

దసరా ముందు ఒక శనివారం దానికి తలంటడానికి బిళ్ళ తీసి గోడ గూట్లో పెట్టాను. తల తుడుస్తుంటే పక్కనున్న పళ్ళెంలోంచి కొబ్బరిముక్క తీసి నోట్లో వేసుకుంది. నములుతూ నములుతూ నా వైపు తిరిగింది.

"అమ్మా, నారింజ వస్తోంది."

"బిళ్ళ లేదుగా తల్లీ."

"లేదు. అయినా వస్తోంది. నాలోంచే."

నేను దాని చెవి వెనక తడిమాను. ఖాళీ. బిళ్ళ గోడ గూట్లోనే ఉంది. మూడేళ్ళుగా చచ్చిపడున్న నరం కదిలిందని అర్థమైంది. తడితలతోనే దాన్ని ఎత్తుకుని జోగారావు గారి దగ్గరికి పరుగెత్తాను. మా ఆయన పనిలోంచి అలాగే వచ్చేశారు.

జోగారావు గారు దాని ముక్కు మూయించి, నాలుక మీద చుక్కలు వేశారు. ఉప్పునీళ్ళు వేస్తే నారింజ అంది. చింతపండు రసానికీ నారింజే, పంచదార నీళ్ళకీ నారింజే. చివరికి వేపాకు రసం వేసినా చిరునవ్వుతో నారింజ అంది. ఆయన ముఖంలో సంతోషం వచ్చి, ఆగి, వెనక్కి పోవడం నేను చూశాను.

"నరం చిగురేసిందమ్మా. నేను జరగదనుకున్నది జరిగింది. కానీ చిగురేసే నరం తనకి రోజూ ఏది అందితే దాన్నే పట్టుకుని లేస్తుంది. నువ్వు వండేవి రోజుకో రకం. టింగో మాత్రం ప్రతి ముద్దకీ అదే. పైగా ఈ మూణ్ణెల్లూ..."

"చప్పిడి పెట్టాను," అన్నాను.

"దానికి అందిన రుచి ఇదొక్కటే."

మా ఆయన నన్నొక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

"ఇప్పుడేం చేయాలండీ?" అని ఆయనే అడిగారు.

"ఏమీ మార్చకూడదు. పూటపూటా ఇదే రుచి అందుతూ ఉండాలి. నరం గట్టిపడితే ఆ దారినే ఉప్పూ పులుపూ కూడా ఒక్కొక్కటే రావచ్చు. మధ్యలో ఆగిందా, ఎండిపోతుంది. మళ్ళీ చిగురించదు."

మెట్లు దిగుతుంటే రాజేశ్వరక్క ఫోన్. ఆమె ఏడుస్తూ నవ్వుతోంది.

"గెలిచినం హైమా. రుచిగూడోళ్ళు దిగొచ్చిన్రు. ఇయ్యాల్టి సంది పైసలు కట్టెటోళ్ళకు టింగో ఉండదట. అంత నీ పుణ్యమే."

నేను ఏం జవాబు చెప్పానో గుర్తులేదు. ఆటో ఎక్కగానే రుచిగూడు వాళ్ళకి ఫోన్ చేశాను. ఆ అమ్మాయే, ఆ గొంతే.

"మా ఇంటికి మాత్రం టింగో ఉంచండి," అన్నాను.

"మేడమ్, మీరు ఇంటి ముద్ద హైమవతి గారే కదండీ?"

"నేనేనమ్మా."

"మీ విజ్ఞప్తి మేరకే తొలగించాం మేడమ్."

"నా విజ్ఞప్తి మేరకే మళ్ళీ పెట్టండి. పోనీ నా చందా తీసేసి ఉచిత గూట్లో పడెయ్యండి. అక్కడ ప్రకటనలు ఉంటాయిగా."

"ఉంటాయండి. కానీ టింగో వారు మాతో ఒప్పందం మానుకున్నారండి. మీ సమ్మె వల్ల పేరు పోయిందని బాధపడ్డారు. ఇప్పుడక్కడ పళ్ళపొడి రుచి వస్తుంది." గొంతు తగ్గించి అడిగింది, "ఏమైందండీ మేడమ్?" మొదటిసారి ఆ పిల్ల మనిషిలా మాట్లాడింది. చెప్పాను. విని, "నా చేతిలో ఏమీ లేదండీ," అంది. ఆమె చేతిలో నిజంగానే ఏమీ లేదు.

ఇంక మిగిలింది ఒక్కటే. టింగో నేనే తాగి, నేనే రికార్డు చేసి, నా గూట్లో పెట్టి నా పిల్లకి ఇవ్వాలి. మొదట మా ఆయన ముందుకొచ్చారు. ఆయనకి టింగో ఇష్టమేనట, రేవులో చాటుగా తాగుతారట. పట్టీ కట్టుకుని సీసా ఖాళీ చేశారు. ఇందుజ పెట్టుకుని చూసి, "నీళ్ళలా ఉంది నాన్నా," అంది. ఊరందరికీ ఎవరి ముద్దయినా అందుతుంది గానీ, దెబ్బతిన్న నరం మొదటినుంచీ నా నాలుకకే అలవాటు పడింది. అందరి నాలుకలకీ సరిపడేలా రుచి తయారుచేసే విద్య ప్రకటనల వాళ్ళ దగ్గరే ఉంది.

నేను పట్టీ కట్టుకుని గుక్కలో తాగేశాను. ఇందుజ ముద్ద నోట్లో పెట్టుకుని ముఖం ముడిచింది.

"ఇది కాదమ్మా. ఇది చేదుగా ఉంది. నువ్వు కోపంగా తాగావా?"

ముద్దలు పెట్టేవాళ్ళందరికీ తెలిసిన కష్టమే ఇది. ఇష్టం లేకుండా తింటే రికార్డులో తెలిసిపోతుంది. నాలుకని మాయ చేయొచ్చు గానీ, దాని వెనకున్న మనసుని చేయలేం. మళ్ళీ తాగాను. చల్లగా తాగాను, కళ్ళు మూసుకుని తాగాను, దేవుడి ముందు కూర్చుని తాగాను. తాగిన ప్రతిసారీ నా సమ్మె గుర్తొచ్చేది. నా కడుపున పుట్టిన పిల్ల నోట్లో కొంప కట్టుకున్నవాణ్ణి నేనెలా ఇష్టపడగలను? ఇందుజ ప్రతిదీ రుచి చూసి తల అడ్డంగా ఊపేది. బిళ్ళ తీసి వట్టి అన్నం పెడితే, మొదట్లో నారింజ అని చెప్పింది కాస్తా, "కొంచెమే వచ్చిందమ్మా," అనడం మొదలెట్టింది. దీపావళి వచ్చేసరికి, "వచ్చినట్టుంది," అంది. మళ్ళీ ముద్దలు ఉమ్మేస్తోంది. మా ఆయన అటకమీది గొట్టం డబ్బా దించి, నేను చూడకుండా మళ్ళీ పైన పెట్టారు. నేను చూశాను.

ఈలోగా నా గూట్లో టింగో ముద్దలు కనిపించి గుంపులో గోల మొదలైంది. హైమ అమ్ముడుపోయిందన్నారు. రాజేశ్వరక్క ఫోన్ చేసి సూటిగా అడిగింది.

"ఏంది హైమా, మమ్ముల ఉప్పు మానిపిచ్చి నువ్వు టింగో తాగుతున్నవా?"

సంగతంతా చెప్పాను.

"నాకు ముందే జెప్పకపోతివి. ఆళ్ళ సంగతి నేను జూసుకుంట, తియ్యి. పోరి తింటుందా?"

"లేదక్కా. నాకు ఇష్టం రావట్లేదు. ఎంత ప్రయత్నించినా రావట్లేదు."

"ఇష్టం ఎట్లొస్తది బిడ్డా, ఆడు జేసిన పనికి," అని ఆమె కూడా ఏడ్చింది.

మర్నాడు మధ్యాహ్నం వంటింటి గట్టు మీద గ్లాసు పెట్టుకుని, నుదుటికి పట్టీ కట్టుకుని కూర్చున్నాను. చెయ్యి ముందుకి పోలేదు. ఇందుజ వచ్చి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. చిక్కిపోయి దాని మోచేతి ఎముక తేలింది.

"నీకు తాగడం రావట్లేదమ్మా. నేను పట్టిస్తాను," అంది.

గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నా పెదాలకి ఆనించింది. మందు పట్టేటప్పుడు నేను చేసినట్టే ఒక చెయ్యి తీసి నా గడ్డం కింద పెట్టింది.

"కళ్ళు మూసుకోకు. నన్ను చూడు. ముందు చురుక్కుమంటుంది. భయపడకు. అప్పుడే మింగకు. ఇప్పుడు పక్కలకి పోతోందా? చివర్లో ఇంకోసారి వస్తుంది చూడు, అదే బావుంటుంది. ముద్ద మింగాక అది వస్తుందని నేను రోజూ ఎదురుచూసేదాన్ని. నువ్వు పెట్టే అన్నం అందుకే తినేసేదాన్ని."

ఆ మాట నాకు సూదిలా దిగింది. నా ముద్దపప్పు, నా గుత్తొంకాయ, నా చారు. అవన్నీ నారింజ కోసం పిల్ల దాటుకుంటూ పోయిన ముద్దలు. అది రోజూ ఎదురుచూసిన ఒకే ఒక్క రుచి ఈ నారింజ. దాని కళ్ళు నా ముఖాన్నే చూస్తున్నాయి, మొదటిసారి చారు పెట్టిన రోజున నేను దాన్ని చూసినట్టే. నేను మింగకుండా ఆగాను. చురుక్కుమంది. పక్కలకి పోయింది. చివర్లో ఇంకోసారి వచ్చింది.

"బావుందా?" అంది ఇందుజ.

"బావుంది," అన్నాను. అబద్ధం కాదు. బావుంది. అది బావున్నందుకు నేను ఎవరినీ క్షమించలేను.

ఆ రికార్డు పెట్టుకుని పిల్ల కంచం ఖాళీ చేసింది. నారింజ తిరిగొచ్చింది. సంక్రాంతి వెళ్ళాక ఒకరోజు బిళ్ళ లేకుండా ఊరగాయ నాకి, "నారింజే, కానీ కొంచెం ఉప్పగా," అంది. జోగారావు గారు ఆ రోజు పిల్లని ఎత్తుకుని గదంతా తిరిగారు. ఇంకా చాలా దూరం ఉందనీ, పూట కూడా మానొద్దనీ చెప్పారు. నేను మానలేదు. పూటపూటా తాగుతున్నాను, ఇష్టంగానే తాగుతున్నాను, చందా కట్టి నా పేరుతో నా గూట్లోనే పెడుతున్నాను.

నిన్న ముగ్గురం భోజనానికి కూర్చున్నాం. మా ఆయన చారు పోశారు. మిరియాల చారు, నేనే పెట్టాను, బాగా కుదిరింది. ముద్ద మింగి, తరువాతి ముద్ద కలపకుండా ఆగిపోయాను. నోరు ఖాళీగా ఉంది. ఏదో రావాలి, రాలేదు.

"ఉప్పు చాలలేదా?" అన్నారు మా ఆయన.

ఇందుజ నా ముఖం వైపు చూసింది. లేచి వెళ్ళి సీసా తెచ్చి నా కంచం పక్కన పెట్టింది.